తెర పక్కన పేర్లు చెప్పేవాళ్లు

1965లో మీరట్ నుంచి ఇంగ్లండ్ వెళ్లిన డాక్టర్ యశ్‌పాల్ సూరి అక్కడ కాలు పెట్టగానే రెండు సూపర్ 8 కెమెరాలు, రెండు ప్రొజెక్టర్లు, రెండు టేపు రికార్డర్లు కొన్నారు. ఒక సెట్టు తన దగ్గర ఉంచుకుని, రెండోది ఇంటికి పంపించారు. అప్పటినుంచి రెండు ఇళ్ల మధ్య ఉత్తరాల్లా రీళ్లు నడిచాయి. ఇటునుంచి డార్లింగ్టన్‌లో కురిసిన మంచు, కొత్త కాపురం, ఎదుగుతున్న ఆడపిల్లలు. అటునుంచి పెళ్లిళ్లు, పండగలు, ఇంకా ఎప్పుడొస్తావని అడిగే పెద్దవాళ్లు. బొమ్మ ఫిల్మ్ మీద, మాట టేపు మీద. దాదాపు నలభై ఏళ్లు సాగిన ఈ రాకపోకల్ని కూర్చి ఆయన కూతురు సంధ్యా సూరి 2005లో ‘ఐ ఫర్ ఇండియా’ అనే డాక్యుమెంటరీ తీశారు.

పాత ఇంటి ఫిల్ములంటే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది వెలిసిన రంగులు, వణికే బొమ్మ, అంచుల్లోంచి దూసుకొచ్చే నారింజ వెలుగు. ఆ మరకల్నీ గీతల్నీ కొత్త వీడియోల మీద అద్దిపెట్టే యాప్‌లు కూడా ఫోన్లలోకి వచ్చాయి. సూరి కుటుంబం రీళ్లు చూస్తే మాత్రం మనసు లాగే శక్తి ఆ మరకల్లో లేదని తెలుస్తుంది. బొమ్మ పక్కన ఒక గొంతు ఉంది. ఇది ఫలానా చోటు, వీడు ఫలానావాడు అని చెప్పే మనిషి ఉన్నారు. ఇంటి సినిమాలో సగం ఫిల్మ్ మీద ఉంటే, మిగతా సగం ఎప్పుడూ తెర పక్కన కూర్చున్న మనిషి నోట్లోనే ఉండేది. ఈ రెండో సగం సంగతి చాలామంది సరిగా పట్టించుకోలేదు.

ఇంటి సినిమాకు అసలు సినిమాతో సమానంగా వయసుంది. 1895 డిసెంబర్ 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు డబ్బులు తీసుకుని చూపించిన పది చిన్న చిత్రాల్లో ఒకటి ఒక చంటిబిడ్డ భోజనం. తినిపిస్తున్న తండ్రి అగస్ట్ లూమియేర్, పక్కన తల్లి మార్గరీట్, మధ్యలో బుజ్జి ఆండ్రే. తీసింది బాబాయి లూయీ. సొంతింటి తోటలో, సొంత బిడ్డతో తీసిన ఆ ముప్పావు నిమిషం బొమ్మను ఇవాళ ఏ తల్లి ఫోనులోనైనా ఉండే వీడియో పక్కన పెట్టినా తేడా పెద్దగా కనబడదు.

ఫొటో ప్లేట్ల ఫ్యాక్టరీ సొంతంగా ఉన్నవాళ్లకు అది కుదిరింది. మామూలు ఇళ్లకు కుదరలేదు. అప్పటి 35 ఎం.ఎం. ఫిల్మ్ నైట్రేట్‌తో చేసింది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. అలాంటి సరుకును పిల్లలు తిరిగే గదిలో, వేడెక్కిన దీపం ముందు ఆడించడం ప్రాణాంతకం. కనుక ఇంటి సినిమాకు మొదట కావలసింది తేలిగ్గా అంటుకోని ఫిల్మ్, ఆ తర్వాత చవక. 1922 చివర్లో ఫ్రాన్సులో పాతే కంపెనీ క్రిస్మస్ సరుకుగా ‘పాతే బేబీ’ ప్రొజెక్టర్ తెచ్చింది. దాని ఫిల్మ్ వెడల్పు 9.5 ఎం.ఎం., చిల్లులు అంచుల్లో కాకుండా బొమ్మకూ బొమ్మకూ మధ్యన. మరుసటి ఏడాది కెమెరా కూడా వచ్చింది. అదే 1923లో అమెరికాలో కొడాక్ 16 ఎం.ఎం. పద్ధతిని తెచ్చింది. కెమెరా, ప్రొజెక్టర్, స్టాండు, తెర అన్నీ కలిపి 335 డాలర్లు. కొత్త ఫోర్డ్ కారు ధరలో అది సగానికి పైమాటే. కెమెరాకు మోటారు లేదు. సెకనుకు రెండు చుట్ల చొప్పున పిడి తిప్పుతూనే ఉండాలి.

ధర కన్నా ముఖ్యమైన విషయం ఒకటి అందులో దాగి ఉంది. కొడాక్‌లో జాన్ కాప్‌స్టాఫ్ అనే పరిశోధకుడు రూపొందించిన రివర్సల్ పద్ధతిలో, కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగాక నేరుగా తెరమీద ఆడే బొమ్మ అవుతుంది. విడిగా నెగెటివ్ ఉండదు, ప్రింటు తీసే ఖర్చూ ఉండదు. అంటే చాలా ఇళ్లలో ఆ రీలుకు ప్రపంచంలో రెండో కాపీ లేదు. బామ్మ నవ్విన ఆ పది క్షణాలు ఉన్నది ఆ ఒక్క డబ్బాలోనే. గీత పడితే దాని మీదే పడుతుంది, పోతే అదే పోతుంది.

1932లో వచ్చిన 8 ఎం.ఎం. ఆర్థిక మాంద్యం కాలంలో మధ్యతరగతి జేబును చూసి చేసిన ఉపాయం. కెమెరాలో వేసేది 16 ఎం.ఎం. వెడల్పున్న 25 అడుగుల చుట్టే. మొదట దాని ఒక అంచు వెంబడి బొమ్మలు పడతాయి. అయిపోగానే నీడపట్టున కెమెరా తెరిచి, చుట్టను తిరగేసి మళ్లీ ఎక్కించాలి. అప్పుడు రెండో అంచు నిండుతుంది. ల్యాబులో దాన్ని కడిగి, నిలువునా చీల్చి, కొసకు కొస అతికించి 50 అడుగుల రీలుగా తిప్పి పంపేవారు. ఆడిస్తే నాలుగు నిమిషాలు. ఒక్కో బొమ్మ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. పాత 8 ఎం.ఎం. రీళ్లలో సరిగ్గా నడిమధ్యన తెర ఒక్కసారిగా తెల్లబడి, నారింజ మంట లేచినట్టు కనిపిస్తుంది. చుట్టను తిరగేసేటప్పుడు లోపలికి చొరబడ్డ వెలుతురు అది. యాప్‌లు ఇవాళ అందంగా అమ్ముతున్న ఆ మెరుపు వెనక ఎండలో చుట్ట మార్చడానికి తంటాలు పడ్డ ఒక తండ్రి చేతులున్నాయి. ఏ అంచు అయిపోయిందో మరిచి ఒకే అంచు మీద రెండుసార్లు తీస్తే, పుట్టినరోజు కేకు మీద సముద్రపు అలలు విరిగిపడేవి.

రంగు 1935లో వచ్చింది. కొడాక్రోమ్‌ను కనిపెట్టిన లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడోవ్‌స్కీ ఇద్దరూ సంగీత విద్వాంసులు, ఒకరు పియానో, ఒకరు వయొలిన్. గడియారం ముల్లు కనిపించని చీకటి గదిలో బ్రామ్స్ సంగీతాన్ని ఈలవేసుకుంటూ సమయం లెక్కపెట్టేవారట. వాళ్ల ఫిల్మ్ ముందు 16 ఎం.ఎం.లో, మరుసటి ఏడాది 8 ఎం.ఎం.లో దొరికింది. అందులో రంగు పదార్థాలు ముందుగా ఉండవు, కడిగేటప్పుడే చేరతాయి. చీకట్లో భద్రంగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా ఆ ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. 1940ల నాటి అమ్మాయి గౌను నిన్న ఉతికి ఆరేసినట్టు కనిపించేది అందుకే. కడగడం మాత్రం చాలా కష్టమైన పని. ప్రపంచంలో ఆ పని చేసే చివరి ల్యాబు, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లోది, 2010 డిసెంబర్ 30తో కొడాక్రోమ్ రోల్స్ తీసుకోవడం ఆపేసింది. ఆ తర్వాత ఎవరి బీరువాలో కడగని కొడాక్రోమ్ చుట్ట దొరికినా దాన్లోని రంగులను పైకి తేవడానికి పద్ధతి ప్రకారం దారి లేదు.

1965లో వచ్చిన సూపర్ 8తో తిరగేసే బాధ పోయింది. ప్లాస్టిక్ క్యాట్రిడ్జ్ టక్కున కెమెరాలో పెట్టి మీట నొక్కడమే. అందులోనూ 50 అడుగులే, సెకనుకు 18 బొమ్మల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు. ఈ అంకె ఇంటి సినిమాల స్వభావాన్నే తీర్చిదిద్దింది. నెలంతా కలిపి మూడు నిమిషాలు తీసే స్తోమత ఉన్న ఇంట్లో ఏం తీయాలో ఆలోచించాలి. కనుక పుట్టినరోజులు, పండగలు, కొత్త కారు, సముద్రం. గొడవలు లేవు, ఆసుపత్రి లేదు, చావులు అరుదు. ఇంకో తమాషా గమనించవచ్చు. పాత రీళ్లలో పెద్దవాళ్లు మొదట ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడతారు. కాస్సేపటికి ఎవరో పక్కనుంచి కదలమని చెప్పినట్టున్నారు, సిగ్గుగా నవ్వి కెమెరా వైపు నడుస్తారు. వాళ్ల ఇరకాటం, వెంటనే విరిసే ఆ నవ్వు, చెయ్యి ఊపాలా వద్దా అనే తటపటాయింపు ఇప్పటి వీడియోల్లో మచ్చుకైనా దొరకవు.

రీలు కడిగి తిరిగొచ్చిన సాయంత్రం మరో పండగ. గోడకు దుప్పటి కట్టడం, దీపాలార్పడం, ప్రొజెక్టర్ పళ్లలో ఫిల్మ్ చిల్లులు సరిగ్గా పట్టేలా ఎక్కించడం. దీపం వేడికి దుమ్ము కమిలిన వాసన గదంతా నిండేది. ఫిల్మ్ ఎక్కడైనా ఇరుక్కుంటే తెరమీద ముఖం నడుమ గోధుమరంగు బుడగ పొంగి కరిగిపోయేది, అందరూ కేకలు. చివర్లో పిల్లల కోసం వెనక్కి తిప్పేవారు. నీళ్లలోంచి మనిషి ఎగిరి గట్టు మీదికొచ్చి నిలబడేవాడు. ఫిల్మ్‌కు శబ్దం లేదు గనుక ఆ గదిలో మాటలు ఆగేవి కావు. ‘అదిగో మీ అత్త’, ‘ఆ చెట్టు ఇప్పుడు లేదు’, ‘ఆ వెనకనున్నాయన ఎవరే?’ అంటూ. సూపర్ 8లో శబ్దపు పట్టీ ఉన్న ఫిల్మ్ 1973లో వచ్చింది గానీ ఖర్చెక్కువ. మూగ రీళ్లే చాలా ఇళ్లలో కడదాకా నడిచాయి.

మూగతనం వల్ల కలిగే పొరపాటు ఎంత పెద్దదో చెప్పే ఫిల్మ్ ఒకటి అమెరికాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను సొంత దేశమే పట్టుకెళ్లి శిబిరాల్లో బంధించింది. యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో ఉన్న డేవ్ టాట్సునో అనే వ్యాపారి అక్కడి సిబ్బందిలో ఒకరి సాయంతో తన 8 ఎం.ఎం. కెమెరాను లోపలికి తెప్పించుకుని రంగుల్లో చిత్రించారు. పిల్లలు మంచు మీద జారడం, కొత్త సంవత్సరానికి బియ్యపు మోచీ దంచడం, చర్చి నుంచి జనం బయటికి రావడం. అందరూ నవ్వుతున్నారు. తెలియనివాళ్లు చూస్తే విహారయాత్ర అనుకుంటారు. కెమెరా ఎత్తినప్పుడు నవ్వడం మనిషి అలవాటు, ఆ అలవాటు ముళ్లకంచె లోపల కూడా పోలేదు. 1996లో ఆ ఫిల్మ్‌ను అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చారు. అంతకుముందు ఆ గౌరవం అందుకున్న ఇంటి ఫిల్మ్ డాలస్‌లో అబ్రహాం జప్రూడర్ తీసిన 26 సెకన్లు. ఆడవాళ్ల దుస్తులు తయారుచేసే జప్రూడర్ 1963 నవంబర్ 22న అధ్యక్షుడి ఊరేగింపును ఇంట్లోవాళ్ల కోసం తీయబోతే, కెనడీ హత్య కెమెరాలో పడింది. టాట్సునో ఫిల్మ్‌కు అంత పేరు రాలేదు. అర్థం చేసుకోవడానికి మాత్రం దానికే ఎక్కువ వివరణ కావాలి. ఎప్పుడు భయపడ్డారో, కెమెరా ఎక్కడ దాచారో టాట్సునో బతికున్నంతకాలం తానే చెబుతూ వచ్చారు.

కెమెరా పట్టుకున్నవాళ్లు బొమ్మలో ఉండరన్నది ఇంకో చిక్కు. ఎక్కువ ఇళ్లలో కెమెరా తండ్రి చేతిలో ఉండేది. 2022లో నోబెల్ అందుకున్న ఫ్రెంచ్ రచయిత్రి ఆనీ ఎర్నో అదే ఏడాది కొడుకుతో కలిసి తమ 1970ల ఇంటి రీళ్లను ‘ది సూపర్ 8 ఇయర్స్’ పేరుతో చిత్రంగా తెచ్చారు. అప్పట్లో తీసింది అప్పటి భర్త. తెర మీద ఆమె కనిపిస్తారు, వంటింట్లోనో విదేశీ ప్రయాణంలోనో, కాస్త దిగులుగా, కాస్త దూరంగా. ఆ రోజుల్లో తాను ఎవరికీ చెప్పకుండా తొలి నవల రాసుకుంటున్నానని దశాబ్దాల తర్వాత తన గొంతుతోనే చెబుతారు. ఆ మాట వినకపోతే ఆ బొమ్మలో ఉన్నది సెలవుల్లో ఉన్న ఒక గృహిణి, అంతే.

భారతదేశంలో ఇంటి సినిమా మొదట పాలకుల ఆట. సంస్థానాధీశులు, తోటల దొరలు, సైనికాధికారులు 1920ల నుంచీ 16 ఎం.ఎం. కెమెరాలు తెప్పించుకున్నారు. 1930ల్లో బొంబాయిలో ఔత్సాహికుల సినీ సంఘం కూడా నడిచింది. ఇంగ్లండ్ తిరిగి వెళ్లిన కుటుంబాల రీళ్లు కొన్ని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రానికి చేరాయి. వేట, క్లబ్బు, గుర్రాలు, హిల్ స్టేషన్ వేసవులు, వాటి నడుమ ఆ దొరలు పెద్దగా లక్ష్యపెట్టకుండానే పట్టుబడిన బజార్లు, రేవులు, సంతలు. బిడ్డ పేరు, తల్లి పేరు జాబితాలో ఉంటాయి. ఆ బిడ్డను చంకనెత్తుకుని ఎండకు కళ్లు చిట్లించిన ఆయా పేరు మాత్రం చాలాచోట్ల ఉండదు. ఆమె మనవలు ఎవరో, ఎక్కడున్నారో. వాళ్లకు తమ అమ్మమ్మ కదిలే బొమ్మ ఒకటి ఇంగ్లండ్‌లో ఉందని తెలిసే దారే లేదు.

తెలుగు ఇళ్లలో ఈ కెమెరా బాగా అరుదు. విదేశీ సరుకు, ఫిల్మ్ ఖరీదు, కడగడం ఇంకో ఖర్చు. అందుకే తాతల కాలం జ్ఞాపకాలు స్టూడియోలో దిగిన ఫొటోల్లో నిలిచాయి గానీ కదిలే బొమ్మల్లో లేవు. మన ఇంటి సినిమా నిజంగా మొదలైంది 1980ల్లో వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్‌తో. అది మూడు గంటలు, పైగా సినిమా పాటలతో మోగుతూ ఉంటుంది. ఫిల్మ్‌తో నిజమైన చుట్టరికం ఉన్నది వలస వెళ్లిన తెలుగువాళ్లకే. సూపర్ 8 వచ్చిన 1965లోనే అమెరికా వలస చట్టం మారింది. ఆ చట్టం తెరిచిన తలుపులోంచి తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడ అడుగుపెట్టేసరికి ఈ కెమెరా మామూలు దుకాణాల్లో దొరుకుతోంది. న్యూయార్క్‌లో తొలి తెలుగు మహాసభ జరిగిన 1977 కూడా సూపర్ 8 కాలమే. 2008లో మొదలైన దక్షిణాసియా అమెరికన్ల డిజిటల్ ఆర్కైవ్ ఇలాంటి కుటుంబాల కాగితాలతోపాటు ఇంటి ఫిల్ములు కూడా సేకరిస్తోంది. 1950ల్లో ఓక్లహోమాలో చదువుకున్న ఒక సిక్కు విద్యార్థి రీళ్లు అందులో ఉన్నాయి. తొలితరం తెలుగు డాక్టర్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. నేలమాళిగల్లో రీళ్లున్న ఇళ్లు వెంటనే చేయాల్సింది ఆ పెద్దవాళ్లను తెర ముందు కూర్చోబెట్టడం.

ఫిల్మ్‌కూ గడువుంది. నైట్రేట్ బదులు వాడిన ఎసిటేట్ వేడికి, తేమకు మెల్లగా విడిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టిందంటే ఆ రీలుకు జబ్బు పట్టినట్టే. మొదలైతే ఆపలేం, చల్లగా పొడిగా ఉంచి నిదానింపజేయగలం. పక్క రీలుకూ అంటుకుంటుంది. ఫిల్మ్ కుదించుకుపోయి, వంకర్లు తిరిగి, చివరికి ఏ ప్రొజెక్టర్ పళ్లకూ పట్టదు. కోస్తా ఉక్కపోతలో ఇనప్పెట్టెలో పెట్టి మరిచిపోయిన రీళ్ల గతి ఇక ఊహించుకోవచ్చు.

2009లో అమెరికన్ రచయిత గ్లెన్ కర్ట్జ్‌కు ఫ్లోరిడాలో తల్లిదండ్రుల ఇంటి అలమరలో దొరికింది ఇంచుమించు ఆ దశలో ఉన్న 16 ఎం.ఎం. రీలు. 1938 ఆగస్టులో తాతయ్య యూరప్ యాత్రలో తీసినది. అందులో మూడు నిమిషాల పైచిలుకు పోలెండ్‌లోని నసీల్స్క్, తాతయ్య పుట్టిన ఊరు. కొంత నలుపు తెలుపు, కొంత కొడాక్రోమ్. కెమెరా కనిపించగానే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొస్తారు, యూదుల గుడి సినగాగ్ మెట్ల మీంచి జనం దిగుతారు, ఒకావిడ గుమ్మంలోంచి తొంగిచూస్తుంది. ఏడాది తర్వాత ఏమవుతుందో తీసినాయనకు తెలియదు, దిగినవాళ్లకు తెలియదు. ఆ ఊళ్లో సుమారు మూడు వేల మంది యూదులుండేవారు. నాజీల మారణకాండ తర్వాత మిగిలింది వందకు లోపే.

కర్ట్జ్ ఆ రీలును వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియానికి ఇచ్చారు. ల్యాబులో బాగుచేసి ఆన్‌లైన్‌లో పెట్టాక, 2011లో ఒక మహిళ అందులో పదమూడేళ్ల కుర్రాడి ముఖం చూసి తన తాతయ్యను పోల్చుకుంది. ఆ తాతయ్య అమెరికాలో బతికే ఉన్నారు. అప్పటినుంచి ఆ మూడు నిమిషాలకు నోరొచ్చింది. ఎవరు ఎవరి కొడుకో, పిల్లల తలమీద టోపీల తేడా ఏం చెబుతుందో, ఊళ్లో బొత్తాల ఫ్యాక్టరీ ఏ కుటుంబానిదో ఆయన జ్ఞాపకంలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కర్ట్జ్ పుస్తకం రాశారు, దాని ఆధారంగా బియాంకా స్టిగ్టర్ 2021లో ‘త్రీ మినిట్స్: ఎ లెంగ్తెనింగ్’ తీశారు. గంటకు పైగా నడిచే ఆ చిత్రంలో తెర మీద కనబడేది దాదాపుగా ఆ మూడు నిమిషాలే. ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో ముఖం దగ్గరా నిలబడి చూపిస్తారు. నూటయాభైకి పైగా ముఖాల్లో పేరు దొరికినవి పదకొండే. ఎక్కువగా ఒక్క వృద్ధుడి జ్ఞాపకం చుట్టూ అల్లుకున్న పని. ఆ మనవరాలు ఇంకా ఆలస్యంగా చూసి ఉంటే ఆ పేర్లలో చాలావరకు దొరికేవి కావు.

పేర్లు చెప్పేవాళ్లు ఉండగానే రీళ్లు ఆడించాలని అంతకు ముందే గ్రహించిన ఆర్కైవిస్టులు కొందరు 2003లో ‘హోమ్ మూవీ డే’ మొదలుపెట్టారు. ఏడాదికోసారి పలు దేశాల ఊళ్లలో జనం తమ రీళ్లు పట్టుకొస్తారు. ప్రొజెక్టర్ లేనివాళ్లకు అక్కడే పరీక్షించి, చిరిగిన చోట అతికించి, అందరి ముందూ ఆడిస్తారు. తెచ్చినవాళ్లు పక్కన నిలబడి చెబుతారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రిక్ ప్రెలింజర్ 2006 నుంచి ఆ నగరం పాత ఇంటి రీళ్లను కూర్చి పెద్ద హాళ్లలో చూపిస్తున్నారు. నేపథ్య సంగీతం ఉండదు, వ్యాఖ్యానం ఉండదు. మాట్లాడాల్సింది మీరేనని ప్రేక్షకులకు ముందే చెబుతారు. హాలంతా అరుపులు. ఎవరో వీధి పేరు చెబుతారు, వెనక వరసలోంచి ఇంకొకరు కాదంటారు. కూలగొట్టిన సినిమా హాలు కనబడగానే ముసలివాళ్లు అందులో ఏం చూశారో చెబుతారు. ఆ ట్రామ్ అటు ఎప్పుడు తిరిగింది, ఆ కొండ మీద ఇళ్లు ఏ ఏడు కట్టారు అని బయట మెట్ల మీద కూడా వాదించుకుంటూనే ఉంటారు.